పక్క బెంచీ పిల్లవాడు



ఒక ఆదివారం పూజ ముగిసిన తరువాత గుడి ముంగిట ఒక తల్లి నన్ను పలకరించింది. ఆమె కుమారుడు ఏడవ తరగతి చదువుతున్నాడు. చురుకైన పిల్లవాడు. వారం రోజులు జ్వరంతో బడి మానిన తోటి పిల్లవాడు ఒకడు ఇంటికి వచ్చి నోట్సు అడిగితే వీడు ఇచ్చేశాడట. ఆ తల్లికి కోపం వచ్చింది. "ఫాదర్, వాడికి గట్టిగా చెప్పాను. నీ నోట్సు ఎవ్వరికీ ఇవ్వొద్దు, రేపు వాడు నీకంటే ఒక్క మార్కు ఎక్కువ తెచ్చుకుంటే నీ ర్యాంకు ఏమవుతుంది అని. మీరు కూడా కాస్త చెప్పండి ఫాదర్, మీ మాటైతే వింటాడు" అంది.

ఆమె చెడ్డ మనిషి కాదు. సాయంత్రం జపమాల తప్పదు. గుమ్మం దగ్గర ఎవరైనా ఆకలి అంటే ఉన్నదాంట్లో ఒక ముద్ద పెట్టి పంపే ఇల్లాలు. కంచంలో అన్నం పంచడం బాగా తెలిసిన ఆ తల్లికి, కాగితం మీది అక్షరం పంచాలనేసరికి చెయ్యి ముడుచుకుపోయింది. నేనా రోజు సరైన జవాబు చెప్పలేదు. నవ్వి, "చూద్దాంలే అమ్మా" అని జారుకున్నాను. జవాబు చెప్పవలసిన చోట నవ్వడం కూడా ఒక విధమైన పిరికితనమే. అందుకే ఈ వారం ఆమెకు ఇవ్వవలసిన జవాబును మీ అందరి ఎదుట రాస్తున్నాను. మీలో చాలామంది ఇళ్లలో ఆ మాటే వినిపిస్తూ ఉంటుందని నాకు తెలుసు.

మత్తయి సువిశేషం 25వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానం మీకు కొత్త కాదు. బడి వార్షికోత్సవాల్లో మేము గురువులం తరచుగా ఆ ఉపమానాన్నే ఎత్తుకుంటాం. "మీలోని ప్రతిభను వృద్ధి చేసుకోండి" అని ముగిస్తాం. కాని ఆ మూడవ సేవకుడి సంగతి ఒకసారి నిదానంగా చూడండి. అతడు దొంగతనం చేశాడా? లేదు. తాగి తగలేశాడా? లేదు. యజమాని సొమ్మును భద్రంగా ఉంచాడు, పైసా తగ్గకుండా తిరిగి ఇచ్చాడు. మన లెక్కలో అతడు బుద్ధిమంతుడు. అయినా యజమాని అతణ్ణి క్షమించలేదు. అతడు చేసిన తప్పు ఒక్కటే, గుంట తవ్వి దాచిపెట్టాడు. అలా ఎందుకు చేశావని అడిగితే భయం వల్ల అని తానే ఒప్పుకున్నాడు.

నోట్సు దాచుకునే పిల్లవాడి వెనుక ఉన్నదీ ఆ భయమే. అది వాడికి పుట్టుకతో రాలేదు. మనం పెట్టాం.

ఇప్పుడు లూకా సువిశేషం 2వ అధ్యాయానికి రండి. పండ్రెండేండ్ల యేసు యెరూషలేములో తప్పిపోయాడు. మరియ, యోసేపులు మూడు రోజులు వెతికారు. దేవాలయంలో కనిపించాడు. ఆ సమయంలో బాలయేసు ఏమి చేస్తున్నాడో సువిశేషకుడు ఎంతో స్పష్టంగా చెప్పాడు. బోధకుల నడుమ కూర్చున్నాడు, వాళ్లు చెప్పేది వింటున్నాడు, వాళ్లను ప్రశ్నలు అడుగుతున్నాడు. చేతులు కట్టుకుని వెనుక నిలబడలేదు. పీఠమెక్కి వాళ్లకు బోధించనూ లేదు. దేవుని కుమారుడే అయి ఉండీ వినడం, అడగడం అనే రెండు పనులు చేశాడు. ఆ బోధకులను కూడా మనం మెచ్చుకోవాలి. ఒక పల్లెటూరి కుర్రవాడు మధ్యలో కూర్చుని ప్రశ్న వేస్తుంటే వాళ్లు కసురుకోలేదు, ఆశ్చర్యపడ్డారు. మన తరగతి గదుల్లో ఐతే "ముందు కూర్చోరా, సిలబస్ కావాలి" అనేవాళ్లేమో. ఈ మాటకు మన ఉపాధ్యాయులు నా మీద కోపగించుకోకూడదు. వాళ్ల కష్టం సంగతి ముందు ముందు చెబుతాను.

పాతబస్తీలో నివసించే మన కతోలిక కుటుంబాలకు ఈ విషయం మరీ దగ్గరిది. అక్కడ మన పిల్లల సంఖ్య తక్కువ. తరగతి గదిలో మన బిడ్డకు ఒక పక్క ముస్లిం కుటుంబం పిల్లవాడు, మరొక పక్క హిందూ కుటుంబం పిల్ల కూర్చుంటారు. ఒక ఇంట్లో ఉర్దూ, ఇంకో ఇంట్లో తెలుగు, మరో ఇంట్లో మరాఠీ. పుస్తకం మాత్రం ఇంగ్లీషు. ముగ్గురికీ అది పరాయి భాషే.

ఆ వీధుల్లో నడిచినవాళ్లు జర్దోజి పని చేసే గదులు చూసే ఉంటారు. నాలుగు కర్రల చట్రానికి చీర బిగించి ఉంటుంది. దాన్ని కార్చోబ్ అంటారు. దాని చుట్టూ నేల మీద నలుగురైదుగురు కూర్చుంటారు. ఉస్తాద్ ఒక మూలన, నేర్చుకునేవాడు ఆయన పక్కన. కష్టమైన పువ్వు ఉస్తాద్ కుడతాడు, సులువైన ఆకు కొత్తవాడు కుడతాడు. కొత్తవాడి కుట్టు వంకరపోతే పక్కవాడు సూది ఆపి సరిచేస్తాడు. ఎందుకంటే ఒకడి కుట్టు చెడితే మొత్తం చీర చెడుతుంది. అందరిదీ ఒకే బట్ట. మన తరగతి గదిలో ఉన్నది నలభై మంది, నలభై బట్టలు. పక్కవాడి కుట్టు చెడితే మనకు లాభం అని నేర్పిన చోటు అది.

అయితే ఆ పని గదులను నేను మరీ పొగడను. బడికి పోవలసిన పిల్లలను పనిలో కూర్చోబెట్టిన చరిత్ర కూడా అక్కడి వీధులకు ఉంది. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుండి బీహారు తదితర ప్రాంతాల పిల్లలను రెండు వందలకు పైగా విడిపించారు. ఇరుకు గదుల్లో, లక్క పొగలో, పగలూ రాత్రీ పనిచేస్తున్న పసివాళ్లు. కలిసి కూర్చున్నంత మాత్రాన అది సహకారం కాదు. ఎవరి మేలు కోసం కూర్చోబెట్టారన్నది చూడాలి.

ఇక బడుల విషయం. జేమ్స్ టూలీ అనే ఇంగ్లాండు ఆచార్యుడు 2000వ సంవత్సరంలో హైదరాబాదు వచ్చాడు. జనవరి 26, రిపబ్లిక్ దినం, సెలవు. ఆటో ఎక్కి చార్మినారు వైపు వెళ్లాడు. సందుల్లో తిరుగుతూ ఉంటే చిన్న చిన్న ప్రైవేటు బడులు వరుసగా కనిపించాయి. ఆ తరువాత కొన్నేండ్లకు ఆయన బృందం బండ్లగూడ, బహదూర్‌పురా, చార్మినార్ ప్రాంతాల్లో గల్లీ గల్లీ తిరిగి లెక్క తీస్తే 900కు పైగా బడులు తేలాయి. వాటిలో రమారమి అరవై శాతం ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటువే. రిక్షా తొక్కేవాళ్లు, బండి మీద పండ్లు అమ్మేవాళ్లు ఫీజు కట్టి పిల్లలను పంపే బడులవి. ఆ అనుభవాలన్నీ కలిపి 2009లో ఆయనొక పుస్తకం వేసి దానికి 'అందమైన చెట్టు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ప్రైవేటు బడులను గురించి ఆయన చేసిన వాదనలన్నిటితో నేను ఏకీభవించను. అది వేరే సంగతి. ఆ పేరు మాత్రం ఆయన సొంతం కాదు. 1931లో గాంధీజీ లండన్‌లో మాట్లాడుతూ మన పూర్వపు చదువును ఒక చెట్టుతో పోల్చారు. ధరంపాల్ అనే పరిశోధకుడు 1983లో అదే పేరుతో, ఆ కాలపు దొరలు మన బడుల గురించి పంపిన నివేదికలను ఒక్కచోట అచ్చువేశారు.

ఆ నివేదికల్లో మన తెలుగువారికి బాగా దగ్గరిది ఒకటి ఉంది. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ పంపినది. నేటి అనంతపురం సీమ కూడా అప్పుడు బళ్ళారి జిల్లాలో భాగమే. ఈయన తెలుగు నేర్చి, 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన దొర. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, అందులో 226 తెలుగు బడులు. చదివే పిల్లలు 6,641 మంది మాత్రమే. అంత పెద్ద జిల్లాకు అది చాలా తక్కువని ఆయన బాధపడ్డాడు. ఆ బడి ఎలా నడిచేదో కూడా వివరంగా రాశాడు. పిల్లలను సాధారణంగా నాలుగు తరగతులుగా విడదీస్తారు. పెద్ద తరగతి పంతులు దగ్గర కూర్చుంటుంది. చిన్న తరగతులను పెద్ద పిల్లలు చూసుకుంటారు. పంతులు కన్ను మాత్రం అందరి మీదా ఉంటుంది. అక్షరాలు మొదట ఇసుకలో వేలితో దిద్దుతారు. పెద్ద పిల్లవాడు చిన్నవాడికి నేర్పుతూ ఉంటే ఆ పెద్దవాడి చదువు కూడా గట్టిపడుతుందని గమనించి, ఆ పద్ధతిని కాంబెల్ మనసారా మెచ్చుకున్నాడు. ఇంగ్లాండువాళ్లు దాన్ని అనుకరించడం సబబే అన్నాడు.

అనుకరించారా అంటే, అవును, అప్పటికే అనుకరించారు. ఆండ్రూ బెల్ అనే ఆంగ్లికన్ గురువు 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర శరణాలయానికి పెద్దగా చేరాడు. ఒకనాడు గుర్రం మీద పోతూ ఒక వీధి బడిలో పిల్లలు ఇసుక మీద రాసుకుంటూ ఉండగా చూశాడు. మనమూ ఇలా నేర్పుదాం అని తన ఉపాధ్యాయులతో అంటే వాళ్లు మొగ్గుచూపలేదు. అప్పుడాయన ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేండ్ల పిల్లవాణ్ణి పిలిచి, అక్షరాలు రాని పిల్లలను వాడికి అప్పగించాడు. పెద్దవాళ్లు కాదన్న పని ఆ ఎనిమిదేండ్లవాడు చేసి చూపించాడు. 1797లో బెల్ దీన్ని లండన్‌లో అచ్చువేశాక 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో ఇంగ్లాండు అంతటా పాకింది.

మన వీధి అరుగు మీద పుట్టిన ఈ పద్ధతి అక్కడికి పోయి ఏమైందో కూడా చెప్పాలి. వందల మంది పిల్లలకు ఒకే ఉపాధ్యాయుడు చాలునని అక్కడివాళ్లు సంబరపడ్డారు. జీతాలు మిగిలాయి. పిల్లలు వరుసల్లో నిలబడి అప్పజెప్పే యంత్రాలయ్యారు. కలిసి నేర్చుకోవడమనే మంచి, డబ్బు ఆదా చేసే ఉపాయంగా మారిపోయింది. మన దగ్గర కూడా ఆ దోషం లేకపోలేదు. పిల్లలు పద్యాలు గడగడ చదువుతారు గాని అర్థం ఒక్కడికీ తెలియదని కాంబెలే వాపోయాడు. కాబట్టి పెద్ద పిల్లవాడి చేత చిన్నవాడికి చెప్పించి ఉపాధ్యాయుడు కుర్చీలో కునుకు తీస్తే దాన్ని నేను సహకారమనను.

మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాసంస్థవారు పల్లె బడుల కోసం తయారుచేసిన పద్ధతిలో ఈ జాగ్రత్త కనిపిస్తుంది. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో చిన్న చిన్న గుంపులుగా కూర్చుంటారు. ఒక గుంపుకు టీచరు పూర్తిగా తోడుంటుంది, మరో గుంపు ఒకరికొకరు చెప్పుకుంటుంది, ఇంకొకరు ఒంటరిగా సాధన చేస్తారు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో టీచరుకు తెలుసు. తమిళనాడు ప్రభుత్వం ఈ దారినే అనుసరించి 2007 నాటికి తన ప్రాథమిక బడుల్లో ప్రవేశపెట్టింది.

మళ్లీ మన పాతబస్తీ బెంచీ దగ్గరికి వస్తాను. 2018లో తెలంగాణ శాసనసభ ఒక చట్టం చేసింది. ఏ మాధ్యమంలో చదివే పిల్లలకైనా పదవ తరగతి వరకు దశలవారీగా తెలుగు తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లవాడికి ఇది ఎంత కష్టమో మీరు ఆలోచించారా? ఆ ఇంట్లో 'ళ', 'ణ' అనే శబ్దాలే లేవు. 'కళ్ళు' అన్నా 'కల్లు' అన్నా వాడి నోట ఒకటే. ఒత్తులు చూస్తే వాడికి తల తిరుగుతుంది. ట్యూషను పెట్టించే స్తోమత ఉండదు. అమ్మకు, నాన్నకు తెలుగు చదవడం రాదు. వాడి పక్కనే మీ బిడ్డ కూర్చున్నాడు. వాడికి తెలుగు తల్లిపాలతో వచ్చింది. ఆ చదువుకు వాడు పైసా ఖర్చు పెట్టలేదు.

మీ బిడ్డ కష్టం ఇంకో రకం. హిందీ పాఠంలో రొట్టె ఆడదా మగదా అని వాడికి బెంగ. తెలుగులో రొట్టెకు ఆ గొడవ లేదు. 'ఖాయా' అనాలా 'ఖాయీ' అనాలా అని మీ బిడ్డ పెన్సిలు కొరుకుతూ ఉంటే, పక్కనున్న ఉర్దూ ఇంటి పిల్లవాడు కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. ఇద్దరి దగ్గరా చెరొక తలాంతు ఉంది. ఇద్దరూ తమది తాము గుంటలో దాచుకుంటే ఇద్దరూ ట్యూషన్లకు పరుగెత్తాలి. దాచుకోకపోతే, మధ్యాహ్నం డబ్బాలు తెరిచే వేళ పది నిమిషాలు చాలు. తెలివైన టీచరు అయితే ఆ ఇద్దరినీ కావాలనే ఒక బెంచీ మీద వేస్తుంది.

ఆ పది నిమిషాల్లో జరిగేది భాషా పాఠం ఒక్కటే కాదు. పాతబస్తీలో కర్ఫ్యూ చూసిన పెద్దలు మనలో ఉన్నారు. 1990 డిసెంబరు రోజులు వాళ్లకు జ్ఞాపకమే. ఆ రోజుల్లో గల్లీకి గల్లీ ఎలా భయపడిందో, తలుపు చాటునుండి ఎలా చూసిందో వాళ్లనడగండి. ఒత్తు దిద్దించిన చెయ్యి ఎవరిదో తెలిసిన పిల్లవాడు, పెరిగి పెద్దవాడయ్యాక ఆ వీధి పేరు చెప్పగానే ముఖం చిట్లించుకోడు. ఇది నేను ఆశతో అంటున్నాను గాని, ఆధారం లేని ఆశ కాదు. సమరియ స్త్రీని ప్రభువు మొదట అడిగింది ఏమిటి? మంచినీళ్లు. ఆమె దగ్గర ఉన్నది, తనకు అవసరమైనది అడిగి, ఆ తరువాతనే తాను ఇవ్వదలచింది ఇచ్చాడు.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక ప్రశ్న వేస్తారు. "ఇదంతా కాపీ కొట్టించడం కాదా ఫాదర్?" కాదు. పరీక్ష హాలులో జవాబు కాగితం వంచి చూపించేవాడు తోటివాడికి మేలు చేయడం లేదు. వాడి అజ్ఞానాన్ని అలాగే ఉంచి దాని మీద మార్కుల ముసుగు కప్పుతున్నాడు. అది అబద్ధ సాక్ష్యం. ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధం. పరీక్షకు ముందు రోజు కూర్చుని ఆ లెక్క వాడికి అర్థమయ్యేదాకా చెప్పినవాడు సత్యం పక్షాన ఉన్నాడు. తేడా పిల్లలకే బాగా తెలుసు. మనమే రెంటినీ కలగలిపి రెంటినీ వద్దంటాం.

ఉపాధ్యాయులారా, ఇప్పుడు మీతో. యాభై మంది ఉన్న తరగతి, ఆరు పీరియడ్లు, ఇంటికి మోసుకెళ్లే దిద్దవలసిన పుస్తకాల కట్టలు, పైన యాజమాన్యం, కింద తల్లిదండ్రులు. చిన్న ప్రైవేటు బడుల్లో పనిచేసే మన ఆడపిల్లల జీతాల సంగతి ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అటువంటి మీకు ఇంకో బరువు పెట్టడానికి నేను రాయడం లేదు. నిర్గమకాండం 18వ అధ్యాయంలో మోషే ఉదయం నుండి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని ప్రజల తగవులు తీరుస్తూ ఉంటే మామ యిత్రో వచ్చి చూశాడు. అల్లుణ్ణి పొగడలేదు. ఇలాగైతే నీవూ అలసిపోతావు, ఈ జనమూ అలసిపోతారు అని మందలించి, బరువు పంచుకునే మనుషులను చూసుకోమన్నాడు. యిత్రో ఇశ్రాయేలీయుడు కాడు, మిద్యాను దేశపు యాజకుడు. అయినా మోషే అతని మాట విన్నాడు. మీ తరగతిలో లెక్క ముందుగా పట్టుకున్న నలుగురు పిల్లలు మీకు అటువంటి తోడు. పక్క గదిలో అదే పాఠం చెప్పే టీచరు కూడా తోడే. కాని స్టాఫ్ రూములో ఒకరి లెసన్ ప్లాను ఒకరికి చూపించరు! పిల్లల నోట్సు సంగతి అడిగేముందు మన నోట్సు సంగతి చూసుకోవాలి. గురువులమైన మేము కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఒక ఫాదరు తయారుచేసుకున్న ప్రసంగం ఇంకో ఫాదరు అడిగితే ఇచ్చిన సందర్భాలు నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో అపొల్లో అనే బోధకుడు వస్తాడు. అలెగ్జాండ్రియా నగరవాసి, గొప్ప వక్త, లేఖనాలలో దిట్ట. ఎఫెసు ప్రార్థనామందిరంలో ధైర్యంగా మాట్లాడుతున్నాడు. కాని అతనికి తెలిసింది యోహాను ఇచ్చిన స్నానం దాకానే. గుడారాలు కుట్టుకుని బ్రతికే భార్యాభర్తలు ప్రిస్కిల్లా, అక్విలాలు అతని మాటలు విన్నారు. నలుగురిలో లేచి తప్పు పట్టలేదు. తమ దగ్గరకు తీసుకుపోయి మరింత వివరంగా చెప్పారు. అపొల్లో నొచ్చుకోలేదు, నేర్చుకున్నాడు. ఆ తరువాత అకయా వెళ్లినప్పుడు అక్కడి విశ్వాసులకు ఎంతో ఉపకరించాడు. పేరున్న బోధకుడు గుడారాలు కుట్టే వాళ్ల దగ్గర నేర్చుకుంటే అతని పరువు పోలేదు. టీచరుగారూ, పిల్లవాడు మీ తప్పు చూపించినప్పుడు "అవును నాయనా, నేను పొరబడ్డాను, నీవెలా చేశావో చెప్పు" అన్నారనుకోండి, ఆ ఒక్క మాటతో ఆ తరగతిలో ఎంతమంది నోళ్లు విప్పుతారో చూడండి.

ఇటలీ దేశంలో ఇటువంటి బడి ఒకటి మన గురువు ఒకరు నడిపారు. పేరు లోరెంజో మిలాని. 1954 డిసెంబరులో ఆయనను ఫ్లోరెన్సు నగరానికి ఉత్తరాన కొండల్లో ఉన్న బార్బియానా అనే చిన్న విచారణకు పంపారు. కరెంటు లేదు, సరైన దారి లేదు. బడి నుండి తరిమివేయబడిన రైతుబిడ్డలను పోగుచేసి చదువు మొదలుపెట్టాడు. సెలవులు లేని బడి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవాళ్లు. అందరికంటే మందకొడిగా ఉన్న పిల్లవాడే ఆ బడిలో ముఖ్యుడు. వాడికి అర్థం కానంతవరకు పాఠం ముందుకు సాగదు. మన బడుల్లో అందరికంటే ముందున్నవాడి వేగంతో పాఠం పోతుంది, అక్కడ అందరికంటే వెనుకనున్నవాడి వేగంతో పోయేది. గోడ మీద ఇంగ్లీషులో 'ఐ కేర్' అని రాసి ఉండేది. నాకు పట్టింపు ఉంది, ఇది నా బాధ్యతే అని దాని భావం.

ఆ బడి పిల్లలు ఎనిమిది మంది కలిసి 1967లో ఒక పుస్తకం వెలువరించారు. పరీక్ష తప్పించి పేదపిల్లలను వెళ్లగొట్టే టీచరుకు రాసిన ఉత్తరం అది. ఒక్కొక్కరూ తమకు తోచింది చిన్న కాగితాల మీద రాసేవారు. అన్నీ కలిపి, ఒకే భావం ఉన్నవి ఒకచోట పేర్చి, అక్కరలేనివి తీసివేసి, వాక్యం తరువాత వాక్యం చర్చించి దిద్దేవారు. దాని మీద ఏ ఒక్కరి పేరూ లేదు, 'బార్బియానా బడి' అని మాత్రమే వేసుకున్నారు. అనేక భాషల్లోకి అది తర్జుమా అయింది. అచ్చయిన కొద్ది వారాలకే, 1967 జూన్ 26న, ఫాదర్ మిలాని నలభై నాలుగేండ్లకు కన్నుమూశారు. బ్రతికి ఉండగా పైవాళ్ల దగ్గర ఆయనకు అంత ఆదరణ దొరకలేదు. యాభై ఏండ్ల తరువాత, 2017 జూన్ 20న, జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు ఆ కొండెక్కి వెళ్లి ఆయన సమాధి దగ్గర ప్రార్థించారు.

రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విద్యను గూర్చి వెలువరించిన ప్రకటన మన విద్యాసంస్థలన్నిటికీ ఆధారం. బిడ్డకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని, ఉపాధ్యాయులు వారితో కలిసి పనిచేయాలని అందులో ఉంది. చదువులో ఇల్లు, బడి, ఊరు ఒక్కటి కావాలని 2019లో ఫ్రాన్సిస్ పోపుగారు ప్రపంచానికి పిలుపునిచ్చినప్పుడు ఆ పాత మాటనే మళ్లీ గుర్తుచేశారు. ఈ పత్రాలు మన బడుల కార్యాలయాల బీరువాల్లో భద్రంగానే ఉన్నాయి.

ఇంత దూరం ఎందుకు చెప్పుకొచ్చానంటే, ఒక మార్కు కోసం పిల్లవాణ్ణి పక్కవాడి నుండి విడదీస్తే వాడు చివరికి ఒంటరివాడవుతాడు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. ఆ తరువాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తయారీలో పొరపాట్లు జరిగాయని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. పొరపాటు ఎవరిదైనా కానివ్వండి, ఆ పిల్లల్లో ఎంతమందికి "నాకు అర్థం కాలేదురా" అని చెప్పుకోవడానికి తరగతిలో ఒక స్నేహితుడున్నాడు? "సార్, నాకు భయంగా ఉంది" అనడానికి ఒక మాస్టారున్నారు? వారి తల్లిదండ్రులను నేను నిందించడం లేదు, వారి దుఃఖం దేవునికి తెలుసు. మన ఇళ్లలో ఉన్న పిల్లల గురించి అడుగుతున్నాను. మీ బిడ్డ మాట తగ్గించి, తిండి తగ్గించి, ఏదో దాచుకుంటున్నట్టు కనిపిస్తే ఫలితాల దాకా ఆగకండి. వాడి దగ్గర కూర్చోండి, టీచరును కలవండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే మన భాషలోనే మాట్లాడతారు.

రేపు సాయంత్రం మీ బిడ్డ బడి నుండి రాగానే ఎన్ని మార్కులు వచ్చాయని అడగడం మన అలవాటు. రేపొక్కరోజు ఇంకో ప్రశ్న అడిగి చూడండి. "ఈవేళ నీవు ఎవరికి ఏమి చెప్పావు? నీకు ఎవరు ఏమి చెప్పారు?" మొదటి రోజు వాడు బిత్తరపోతాడు. పర్వాలేదు. మళ్లీ మర్నాడు అడగండి.

ఆ తల్లి ఈ పత్రిక తెప్పించుకుంటుంది, చదువుతుంది కూడా. అమ్మా, వచ్చే ఆదివారం పూజ అయ్యాక నేనే మీ దగ్గరకు వస్తాను. బాబును కూడా నిలబడమనండి. ఆ నోట్సు తిరిగి వచ్చిందా, ఆ పిల్లవాడి జ్వరం తగ్గిందా అని అడుగుతాను. వాడికి ఎన్ని మార్కులు వచ్చాయో మాత్రం అడగను.